సోమశిల ఎత్తు మీద అంబాసిడర్

మే నెల, పొద్దున పదిన్నర. కొల్లాపూర్ నుంచి సోమశిలకు పోయే రోడ్డు మీద, ఊరు దాటీ దాటకముందే ఒక రేకుల షెడ్డు. దాని ముందు వేపచెట్టు, చెట్టు కింద ఒక కాలు విరిగి ఇటుకల మీద నిలబడ్డ బెంచీ. మీరు ఆ బెంచీ మీద కూర్చున్నారు. తోటల నుంచి మార్కెట్‌కు పోయే మామిడి బండ్లు వరసగా దాటుతున్నాయి. ఒక్కో బండి పోయినప్పుడల్లా దుమ్ముతో పాటు బేనిషాన్ వాసన వచ్చి మొహానికి తగులుతోంది. షెడ్డు లోపల నుంచి వచ్చే గ్రీసు వాసన దాన్ని తరిమేస్తోంది.

"నూకుండ్రి, నూకుండ్రి!"

అరుపులు ముందు వచ్చాయి, బండి తర్వాత వచ్చింది. ఎండకు వెలిసిన తెల్ల అంబాసిడర్. నలుగురు వెనక నుంచి నూకుతున్నారు. స్టీరింగ్ దగ్గర అరవై దాటిన మనిషి, లెక్కల సారుగా రిటైరైనాయన. నంబరు ప్లేటు మీద ఏపీ 22. అది పాత మహబూబ్‌నగర్ జిల్లా నంబరు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు కొల్లాపూర్ నాగర్‌కర్నూల్ జిల్లాలోకి పోయి టీఎస్ 31 అయింది, 2024లో టీఎస్ కాస్తా టీజీ అయింది. ఈ బండి మాత్రం పాత జిల్లాలోనే ఉండిపోయింది. 1991 నోవా, 1489 సీసీ పెట్రోలు ఇంజను. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టి, కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో అంబాసిడర్‌గా దాదాపు అరవై ఏళ్లు తయారై, 2014లో ఆగిపోయిన బండి. దీన్ని ఇంకా నడిపేవాళ్లకు షోరూము లేదు, హెల్ప్‌లైన్ లేదు. ఇలాంటి షెడ్లే ఉన్నాయి.

ఉస్తాద్ బయటికొచ్చాడు. చేతిలో బనియన్ గుడ్డ. బానెట్ ఎత్తుతాడని మీరు అనుకుంటారు. ఎత్తలేదు. మడ్‌గార్డుకు ఆనుకుని నిలబడి అడగడం మొదలుపెట్టాడు.

"చెప్పు సారూ. ఏం చేస్తున్నది?"

"ఏమని చెప్పాలె ఉస్తాద్. పొద్దుగాల సెల్ఫ్ బరువుగ తిరుగుతది. ఎట్లనో స్టార్టయితది. సోమశిల పోయి, వాపస్ గడ్డకెక్కుతుంటే ముల్లు ఎర్రదాంట్లకు పోతది. ఆపితే ఇగ అంతే. గంట దాంక స్టార్ట్ కాదు. ఇయ్యాల పొద్దున సెల్ఫే లేవలే."

"ఏమేం మార్చినవ్?"

సారు వేళ్ల మీద లెక్కపెట్టాడు. బ్యాటరీ కొత్తది. కాయిల్ కొత్తది. వాటర్ బాడీ కొత్తది. వాల్వ్ తీసేయించాడు. వాటర్ బాడీ అంటే నీళ్ల పంపు, వాల్వ్ అంటే థర్మోస్టాట్. అంబాసిడర్ షెడ్లలో ఈ పేర్లే నడుస్తాయి.

"వాల్వ్ ఎవరు తియ్యమన్నరు?"

"వేరే తాన తీసిండ్రు. ఈ ఎండలకు వాల్వెందుకు, అడ్డం తప్ప అన్నరు."

ఉస్తాద్ ఏమీ అనలేదు. "రాత్రి నుంచి బండి తియ్యలే గద? చల్లగున్నదన్నట్టు. మంచిదాయె" అని అప్పుడు బానెట్ ఎత్తాడు.

చల్లగా ఉంటేనే రేడియేటర్ మూత విప్పగలడు, అందుకని మంచిదాయె. మూత తిప్పి తీసి, వేలు లోపలికి పెట్టి బయటికి తీశాడు. వేలికి ఇటుక రంగు నీళ్లు. మూత లోపలి రబ్బరు వాచరు ఎండి పగిలింది. బొటనవేలితో స్ప్రింగు నొక్కాడు. అది చులాగ్గా దిగింది, తిరిగి లేవడానికి తొందర పడలేదు. మూత మీ చేతిలో పెట్టాడు. ఇది ఉత్త మూత కాదు. బిగుతుగా ఉంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరగవు, ఇంకో పది డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. స్ప్రింగు చచ్చిపోతే ఆ పది డిగ్రీల అండ పోయినట్టే. పైగా ఆవిరై పోయిన నీళ్లకు బదులు వారం వారం కొత్త నీళ్లు పొయ్యాలి. సారు పోస్తూనే ఉన్నాడు. డిక్కీలో అయిదు లీటర్ల క్యాను ఉంది.

ఆయిల్ పుల్ల తీసి చూశాడు. నల్లగా, పలచగా, శుభ్రంగా ఉంది. నీళ్లు కలిస్తే ఆయిల్ తెల్లబడి నురుగు కడుతుంది, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. "అది బతికున్నది" అని పుల్ల మళ్లీ దోపాడు. సారు గట్టిగా ఊపిరి వదిలాడు. ఎవరో ఆయన్ని గ్యాస్కెట్ పేరు చెప్పి భయపెట్టినట్టున్నారు.

ఇప్పుడు మీటరు. బ్యాటరీ రెండు మొనల మీద తీగలు పెడితే 12.2 చూపించింది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 చూపించాలి. కొత్తదే, కానీ సగం ఆకలితో ఉంది. "కొట్టు సారూ" అన్నాడు. సెల్ఫ్ గుర్రుమని ఒక చుట్టు తిరిగి మూలిగింది. ముల్లు 10.4కు దిగింది. అంత దిగితే తప్పేమీ లేదు, ఆ మాత్రానికి ఇంజను ఇంత బరువుగా తిరగకూడదు. ఉస్తాద్ మీటరు తీగ ఒకటి బ్యాటరీ నెగెటివ్ మొన మీదే ఉంచి, రెండోది ఇంజను ఇనుము మీద పెట్టించాడు. "మళ్ల కొట్టు." మీటరు 1.9 అన్నది. ఆ రెండు చోట్ల మధ్య అర వోల్టు కూడా ఉండకూడదు. దాదాపు రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయి.

"నీ బ్యాటరీ తప్పు కాదు సారూ. తొవ్వ తప్పు."

షెడ్డు పిలగాడు కిందికి దూరాడు. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే రాగి జడ, ఎర్త్ పట్టీ, బోల్టు దగ్గర పచ్చగా చిలుము పట్టి సగం తీగలు తెగి వేలాడుతోంది. కొత్త పట్టీ వేసి, రెండు చివర్లా ఎమ్రీ కాయితంతో మెరిసేదాకా రుద్ది బిగించాడు. ఈసారి తాళం తిప్పితే సెల్ఫ్ గొంతే మారింది. చోక్ లాగి పట్టుకుంటే ఇంజను అందుకుంది, వెనక నుంచి నల్లటి పొగ వదిలింది. చోక్ నొక్కితే ఆగిపోతానంటోంది. ఉస్తాద్ పొగ వైపు చూసి, రేడియేటర్ వైపు చూసి, తల ఊపాడు. ఆ తల ఊపుడు ఎందుకో మధ్యాహ్నం దాకా చెప్పలేదు.

ఇంజను ఆపించి ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కాడు. అర అంగుళం దిగితే సరైన బిగువు. ఇది అంగుళంన్నర దిగింది. లోపలి అంచు అద్దంలా మెరుస్తోంది, అంటే చాలా కాలంగా జారుతోంది. ఈ బండిలో ఆ ఒక్క బెల్టే మూడింటిని తిప్పుతుంది: గాలి విసిరే ఫ్యాను, నీళ్లు తోసే వాటర్ బాడీ, బ్యాటరీ నింపే ఆల్టర్నేటర్. బెల్టు జారితే ఇంజను కాగుతుంది, అదే బెల్టు వల్ల మర్నాడు పొద్దున సెల్ఫ్ లేవదు. కాగడానికి ఒక షెడ్డుకు, స్టార్ట్ కాకపోవడానికి ఇంకో షెడ్డుకు పోయిన సారు, ఒకచోట వాటర్ బాడీ కొన్నాడు, ఇంకోచోట బ్యాటరీ కొన్నాడు. రెండు సామాన్ల మధ్యా వేలాడుతున్న బెల్టును మాత్రం ఎవరూ నొక్కి చూడలేదు.

"బిగించు మరి" అన్నాడు సారు.

"ఇప్పుడే ముట్ట. అన్ని ఒక్కసారే మారిస్తే ఏది రోగమో నీకు తెల్వది, నాకు తెల్వది. అది వేడి మీద ఆగిపోతది అన్నవు గద, వేడి మీదనే చూడాలె. పా, సోమశిల పోదాం."

మీరు వెనక సీట్లో ఎక్కారు. పిలగాడు మీ పక్కన, ఒళ్లో పానాల సంచి. పది కిలోమీటర్ల దారి. రెండు పక్కలా మామిడి తోటలు, కొమ్మలు ఒంగి ఉన్నాయి. పోయేటప్పుడు దిగుడే ఎక్కువ, ముల్లు సగం దగ్గర బుద్ధిగా ఉంది. సోమశిల రేవులో కృష్ణ బాగా వెనక్కి జరిగి ఉంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు నీటి మట్టం 885 అడుగులకు చేరుతుంది, ఎండాకాలంలో ఒడ్డంతా పగిలిన ఒండ్రు. ఆ జలాశయం కోసమే ఇక్కడి సోమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఎత్తు మీదికి మార్చారు. ఉస్తాద్‌కు గుడి మీదా లేదు, నీళ్ల మీదా లేదు ధ్యాస. బండి తిప్పమన్నాడు.

ఎత్తు మొదలైంది. సారు స్టీరింగ్ పక్క గేరును రెండోదానికి లాగాడు. మీ పాదాల కింద రేకు వేడెక్కుతోంది. ఇంజను గొంతులో ఒక మందకొడితనం వచ్చింది, యాక్సిలరేటర్ నొక్కినా పరుగు పెరగడం లేదు. ముల్లు ముప్పాతిక దాటింది. బెల్టు ఒకసారి కీచుమంది.

"ఎర్రదాంట్లకు పోనియ్యకు. ఆపు, నీడకాపు."

చింతచెట్టు కింద ఆపారు. ఇంజను ఆపినా లోపల నీళ్లు కుతకుతమంటూనే ఉన్నాయి. సారు తాళం తిప్పాడు. సెల్ఫ్ హుషారుగా తిరిగింది, ఎర్త్ పట్టీ పుణ్యం. కానీ ఇంజను అందుకోలేదు. పక్కన బైకు మీద పోతున్న కుర్రవాడొకడు ఆగాడు. బానెట్ ఎత్తి ఉండటం చూసి, సాయం చేద్దామని రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి చెయ్యి పెట్టాడు.

"ఏయ్! చెయ్యి తియ్యి!" ఉస్తాద్ అరుపుకు చెట్టు మీద పిట్టలు లేచాయి. లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటి, ఒత్తిడి వల్ల మాత్రమే పొంగకుండా ఉన్నాయి. మూత తిప్పిన మరుక్షణం ఆ ఒత్తిడి పోతుంది, నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి. ఈ మూత స్ప్రింగు చచ్చినదైనా సరే, ఆ మిగిలిన ఒత్తిడే ఒక చెయ్యిని కాల్చడానికి చాలు. చన్నీళ్లు గుమ్మరించడం ఇంకో తప్పు. కాగిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే పగులు తీస్తుంది. చెయ్యాల్సిందల్లా బానెట్ ఎత్తి, ముప్పావు గంట ఊరుకోవడం. ఊరుకోవడం చాలామందికి చేతకాదు.

అటుగా వచ్చిన ఇంకో పెద్దాయన తన వైద్యం చెప్పాడు. "ఏసీ పంపు మీద తడిగుడ్డ ఎయ్యిండ్రి. పెట్రోలు ఆవిరి పట్టింది." పాత పెట్రోలు కార్లున్న ప్రతి ఊళ్లో ఈ మాట వింటారు, ఉట్టి మాట కూడా కాదు. ఏసీ పంపు అంటే ఇంజను పక్కనే ఉండే పెట్రోలు పంపు. అది బాగా వేడెక్కితే లోపల పెట్రోలు బుడగలు కడుతుంది, పంపు బుడగల్ని నెట్టలేదు, కార్బొరేటర్ ఎండిపోతుంది. తడిగుడ్డ వేస్తే చల్లబడి మళ్లీ లాగుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత పంపుల రబ్బరు పొరకు, గొట్టాలకు అది అంతగా పడదు, అందుకని ఈ అనుమానం ఇంకా పెరిగింది.

ఉస్తాద్ కాదనలేదు. పెద్దాయనకు నమస్తే పెట్టి, గుడ్డ చుట్టిన పానాతో మొదటి ప్లగ్గు విప్పాడు. మీకు, పెద్దాయనకు, సారుకు ముగ్గురికీ చూపించాడు. ప్లగ్గు మొన నల్లగా, తడిగా ఉంది. ముక్కు దగ్గర పెడితే పెట్రోలు వాసన గుప్పుమంది.

"ఆవిరి పట్టి పెట్రోలు రాకుంటే ఇది పొడిగ ఉండాలె గద పెద్దనాయన. తడిగున్నదంటే పెట్రోలు వస్తున్నది, మంట పడ్తలేదు."

స్టార్ట్ కాని బండికి ఇంతకన్నా చవకైన పరీక్ష ఇంకోటి లేదు. పొడి ప్లగ్గయితే పెట్రోలు దారి వెతకాలి, తడి ప్లగ్గయితే కరెంటు దారి వెతకాలి. సగం ఇంజనును వదిలేయొచ్చు. తర్వాత ఆ ప్లగ్గును వైరుకు తగిలించి, లోహపు భాగాన్ని ఇంజనుకు ఆనించి, పెట్రోలు తడికి దూరంగా పట్టుకుని సెల్ఫ్ కొట్టించాడు. మీరు వంగి చూడండి. చెట్టు నీడలో ఒక సన్నని పసుపుపచ్చ చుక్క, వెలిగీ వెలగనట్టు. అది నీలంగా, చిటపటమని చప్పుడుతో దూకాలి.

కాయిల్ కొత్తదని సారు గుర్తుచేశాడు. కాయిల్ కొత్తదే. ముప్పావు గంట తర్వాత, బండి చల్లబడ్డాక, అదే ప్లగ్గును అలాగే పట్టుకుంటే చుక్క నీలం రంగుకు తిరిగింది. ఇంజను అందుకుంది. వేడికి చచ్చి చల్లబడితే బతికేవి ఈ దారిలో రెండే, ఒకటి కాయిల్, ఇంకోటి డెల్కోలో ఉండే చిటికెన వేలంత కండెన్సర్. కొత్త కాయిల్‌తో కూడా రోగం తగ్గలేదంటే వేలు దేని వైపు చూపిస్తున్నదో చెప్పనక్కర్లేదు. బయల్దేరే ముందు అక్కడే, రోడ్డు పక్కనే, బెల్టు బిగించాడు. తిరుగు దారిలో ముల్లు కొంచెం తగ్గింది, పూర్తిగా కాదు. ఆ మిగిలిన వేడి బెల్టుది కాదన్నమాట.

షెడ్డుకు వచ్చాక డెల్కో మూత విప్పారు. డెల్కో అంటే డిస్ట్రిబ్యూటర్. అమెరికా కంపెనీ పేరు మన షెడ్లలో సామాను పేరై కూర్చుంది. లోపల సీబీ పాయింట్లు, ఎదురెదురుగా రెండు చిన్న లోహపు ముఖాలు. ఒకదానిలో గుంట పడింది, ఇంకోదాని మీద బుడిపె లేచింది, చుట్టూ నీలంగా కాలిన మరక. కండెన్సర్ పని చెయ్యనప్పుడు ఇక్కడ మంట పుట్టి ఇలా తింటుంది. ఉస్తాద్ ఫీలర్ గేజిలో పదిహేను థౌ ఆకు, అంటే 0.38 మిల్లీమీటర్లది, మధ్యలో పెట్టబోయాడు. పోలేదు. పది పోలేదు. ఆరు థౌ ఆకు పోయింది.

ఇక్కడ ఉస్తాద్ కాసేపు ఆగాడు, మీరూ ఆగండి, ఎందుకంటే సారు బండి కథంతా ఈ సందులోనే ఉంది. పాయింట్లను తెరిచే ఫైబర్ మడమ తిరిగే కడ్డీ మీద రాసుకుంటూ అరుగుతుంది. అరిగేకొద్దీ పాయింట్లు తక్కువ తెరుచుకుంటాయి, అంతేకాక ఆలస్యంగా తెరుచుకుంటాయి. పాయింటు తెరుచుకున్నప్పుడే ప్లగ్గులో మంట పడుతుంది కాబట్టి, మంట కూడా ఆలస్యం. సిలిండర్లో పెట్రోలు పిస్టను కిందికి పోతుండగా మండుతూ ఉంటుంది. దాని బలం చక్రాలకు చేరదు, వేడిగా మారి సైలెన్సర్‌లోకి, నీళ్లలోకి పోతుంది. ఎత్తు మీద మీరు విన్న ఆ మందకొడితనం ఇదే. బండి లాగడం లేదని సారు ఇంకా నొక్కాడు, నొక్కినకొద్దీ ఇంకా కాగింది. బాగా కాగినందుకు కండెన్సర్ చచ్చింది, కండెన్సర్ చచ్చినందుకు బండి లేవలేదు. స్టార్ట్ కాకపోవడం, కాగడం అని సారు రెండు పేర్లు పెట్టుకున్నాడు. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములవి.

కొత్త పాయింట్లు, కొత్త కండెన్సర్ బిగించారు. టైమింగుకు ఏ మిషనూ లేదు. బండిని టాప్ గేరులో వేసి, పిలగాడు వెనక నుంచి అంగుళం అంగుళం నూకాడు, ముందరి పుల్లీ మీది గీత గుర్తుకు ఎదురుగా వచ్చేదాకా. పాయింటుకు చిన్న బల్బు తగిలించి, ఉస్తాద్ డెల్కోను వెంట్రుకవాసి తిప్పుతున్నాడు. బల్బు వెలిగిన క్షణం బోల్టు బిగించాడు. లెక్కల సారు పక్కనే నిలబడి ఆ గీతను మూడు కోణాల నుంచి చూసి ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం. రేడియేటర్ విప్పి బజారులో రేడియేటర్ పని చేసే ఆయనకు పంపారు. పాత రాగి, ఇత్తడి రేడియేటర్ కాబట్టి మాట్లు విప్పి పైడబ్బా ఊడదీయొచ్చు. ఊడదీశాక మీరు పైనుంచి లోపలికి చూస్తే చదునైన గొట్టాల నోళ్లు వరసగా కనిపించాలి. కనిపించినవి సగమే. మిగతావాటి మీద తెల్లగా, గోధుమ రంగుగా పొలుసు కట్టింది. సన్నని బద్దతో ఒక్కో గొట్టాన్ని పొడుస్తుంటే పొలుసు రేకులు రేకులుగా రాలుతోంది. దీన్నే రాడ్ కొట్టడమంటారు.

ఆ పొలుసు సారు క్యానులో నుంచి వచ్చింది. పాలమూరు, నల్లగొండ మెట్టల్లో రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లు సున్నపు ఉప్పులు నిండినవి. కాగితే ఆ ఉప్పు విడిపోయి ఎక్కడ వేడి ఎక్కువైతే అక్కడే పేరుకుంటుంది. ఆవిరై పోయేది ఉత్త నీరే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. పైన మళ్లీ కొత్త బోరు నీళ్లు, మళ్లీ కొత్త ఉప్పు. పదేళ్లు వారానికో లీటరు పోస్తే ఏమవుతుందో లెక్కల మనిషికి వేరే చెప్పాలా? ఇంజను దిమ్మకు కింద ఉండే చిన్న కుళాయి విప్పితే చుక్క నీరు రాలేదు. ఇనుప తీగతో పొడిచాక తుప్పు బురద ధారగా పడింది. కొళాయి గొట్టం పెట్టి తేటగా వచ్చేదాకా కడిగారు. ఆ కొళాయిలో వచ్చేది కృష్ణ నీరు. దగ్గర్లోని ఎల్లూరు నుంచి మిషన్ భగీరథ గొట్టాల్లో ఉమ్మడి జిల్లా ఊళ్లకు పోయేది అదే. కడగడానికి పనికొచ్చింది. నింపడానికి మాత్రం ఉస్తాద్ బ్యాటరీ దుకాణం నుంచి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ తెప్పించాడు.

"నీళ్లు కొనాల్నా?" అన్నాడు సారు.

"రేడియేటర్ కొనుడు కన్న నీళ్లు కొనుడే నయం గద సారూ."

ఇక పొద్దున తల ఊపిన సంగతి. సారు డిక్కీలో గోనెపట్టా కింద పాత వాల్వ్ కవర్లో చుట్టి ఉంది. పారేయకుండా ఉంచినందుకు ఉస్తాద్ ఆయన్ని మెచ్చుకున్నాడు. రోడ్డవతల టీ కొట్టుకు పోయారు, మీరూ వెంట వెళ్లారు. పనికిరాదని పక్కన పెట్టిన గిన్నె ఒకటి అడిగి తీసుకున్నారు. దాని అడుగున కూడా అదే తెల్ల పొలుసు. టీ కొట్టుకూ బోరే. గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ను దారంతో వేలాడదీసి, స్టవ్ మీద పెట్టారు. వాల్వ్ అంచు మీద 82 అని చెక్కి ఉంది. నీళ్ల అడుగు నుంచి బుడగలు లేస్తుండగా, ఇంకా పొంగు రాకముందే, మధ్యలో ఇత్తడి పళ్లెం మెల్లగా లేచింది. లోపలి మైనం వేడికి వ్యాకోచించి దాన్ని నెడుతుంది. బయటికి తీస్తే మళ్లీ మూసుకుంది. టీ కొట్టు ఆయన, ఇద్దరు గిరాకీలు కూడా వచ్చి చూశారు.

"బాగానే ఉన్నది కదా, మరెందుకు తీసిండ్రు?"

ఎందుకంటే కాగే బండిలో అన్నింటికన్నా తేలిగ్గా తీసేయగలిగింది అదే. తీసేస్తే ఒక పూట ముల్లు కొంచెం తగ్గినట్టు కనిపిస్తుంది, గిరాకీ సంతోషపడతాడు. మూసుకుపోయిన రేడియేటర్ అలాగే ఉంటుంది. పైగా పొద్దున పూట ఇంజను వేడెక్కకముందే నీళ్లన్నీ తిరుగుతూ దాన్ని చల్లగానే ఉంచుతాయి. చల్లటి ఇంజనుకు చోక్ లాగాల్సిందే, చోక్ లాగినంతసేపూ పెట్రోలు ఎక్కువ పోతుంది. నల్ల పొగ అందుకే. పొద్దున చల్లదనం ఎక్కువై ఏడిపించిన బండే మధ్యాహ్నం వేడి ఎక్కువై ఏడిపించింది. నా మట్టుకు నాకు, "ఎండ దేశానికి వాల్వ్ అక్కర్లేదు" అనే మాట మన షెడ్లలో ఎన్ని ఇంజన్లను తిన్నదో లెక్క కడితే బాగుండనిపిస్తుంది.

వాల్వ్ మీద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అది పైకి ఉండేలా పెట్టాలి, లోపల చిక్కుకున్న గాలి దాని గుండా పోతుంది. అట్టముక్క కత్తిరించి గ్యాస్కెట్ చేశారు. కొత్త మూత. రేడియేటర్ వచ్చాక నింపుతూ, ఉస్తాద్ పై గొట్టాన్ని చేత్తో పిసుకుతున్నాడు. ఒక్కో పిసుకుడుకు బుడగ పైకొచ్చి, మట్టం కిందికి దిగుతోంది. ఆ గాలి లోపలే ఉండిపోతే ఇంత పనీ చేసి కూడా బండి కాగుతుంది. ఇంజను స్టార్ట్ చేసి మూత తీసే ఉంచి చూశాడు, బుడగలు ఆగకుండా వస్తే గ్యాస్కెట్ మీద మళ్లీ అనుమానపడాలి. ఆగిపోయాయి. లైట్లు వేసి మీటరు పెడితే 14.1. బ్యాటరీ ఇప్పుడు తింటోంది.

సాయంత్రం సింగోటం దాకా పోయారు. దారి పొడుగునా ఉస్తాద్ ముల్లు వైపు చూడలేదు, ఇంజను గొంతు విన్నాడు. లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర, చెరువు పక్కన ఆపి, ఇంజను బంద్ చేయించి బీడీ ముట్టించాడు. అసలు పరీక్ష ఇదే. బండి ఆపిన వెంటనే నీళ్లు తిరగడం ఆగుతుంది, ఫ్యాను ఆగుతుంది, ఇనుములో ఉన్న వేడంతా మాత్రం బయటికి వస్తూనే ఉంటుంది. ఆపిన పది, పదిహేను నిమిషాల దగ్గరే కాయిల్‌కు, పంపుకు, కార్బొరేటర్‌కు ఎక్కువ వేడి తగులుతుంది. వేడి మీద లేవని బండ్లు మొరాయించేది అప్పుడే. బీడీ అయిపోయింది. ఇంకో బీడీ కూడా.

"కొట్టు సారూ."

సెల్ఫ్ ఒక్క చుట్టు తిరిగింది, ఇంజను అందుకుంది. చోక్ లేదు, పొగ లేదు. సారు నమ్మక, ఆపి మళ్లీ కొట్టాడు.

షెడ్డు దగ్గర డబ్బుల లెక్క చూసుకున్నారు. సారు ఎల్లుండి హైదరాబాద్‌కు పెండ్లికి పోవాలన్నాడు. ఉస్తాద్ వద్దన్నాడు. ముందు నాగర్‌కర్నూల్ దాకా పోయి రావాలి, వచ్చాక చల్లబడ్డ బండిలో కూలెంట్ మట్టం చూడాలి. కొత్త పాయింట్ల మడమ మొదట్లో తొందరగా అరుగుతుంది, 500 కిలోమీటర్లకు గ్యాప్ మళ్లీ చూపించుకోవాలి. కొత్తగా బిగించిన బెల్టు కూడా అప్పుడు కొంచెం సాగుతుంది.

పిలగాడు డిక్కీ సర్దుతూ పాత కాయిల్ బయటికి తీశాడు. సారు అది కూడా పారేయలేదు. ఉస్తాద్ దాన్ని బండికి తగిలించి కొట్టించాడు. చుక్క నీలంగా, చప్పుడుతో దూకింది.

"ఇది బాగనే ఉన్నది. డిక్కీల పెట్టుకో, ఎప్పుడన్న పనికొస్తది."

సారు కాసేపు కాయిల్ వైపు చూశాడు. "అంటే ఉస్తాద్, ఆ పాత బ్యాటరీ కూడ బాగున్నదేమో?"

"అది ఎక్సేంజ్‌ల పోయింది గద సారూ. ఇగ దాని ముచ్చటెందుకు?"